ఇద్దరికీ ఒకే బంతి

మా ఆయన వాటీ, మా బావగారు ఎబ్ ఒక తల్లి బిడ్డలు. ఒకే వీధిలో కాపురాలు. అయినా పధ్నాలుగేళ్లుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. అలాంటివాళ్లు ఆ ఏడు వేసవిలో కలిసి ఒకే బంతిని కొట్టాల్సి వచ్చింది.

మా క్రెయిగ్‌నెస్‌లో గోల్ఫు ఆడని మగవాడు లేడు. కానీ పోటీలు మాత్రం అప్పటిదాకా దొరలవే. దొరలు ఆడితే మావాళ్లు వాళ్ల కర్రలు మోసేవారు, బంతులు చేసిపెట్టేవారు, మైదానంలో గడ్డి చూసేవారు. ఆ ఏడు తీరం పొడుగునా ఉన్న క్లబ్బుల దొరలంతా కూర్చుని, ఈ ఆటతో పొట్ట పోసుకునేవాళ్లలో ఎవరు గట్టివాళ్లో చూద్దాం అనుకున్నారట. ఊరికి ఇద్దరు. ఆ ఇద్దరికీ ఒకే బంతి. ఒకడు కొడితే తరవాతి దెబ్బ రెండోవాడిది, ఆ తరవాత మళ్లీ మొదటివాడిది. వంతు తప్పి కొడితే ఆ గుంట ఓడిపోయినట్టే. తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలో వేసినవాళ్లది ఆ గుంట, ఎక్కువ గుంటలు గెలిచిన జంట నెగ్గినట్టు. పోటీ మా ఊళ్లోనే, సెప్టెంబరులో.

కబురు తెచ్చింది చేపలమ్మే నాన్స్. అప్పుడు నేను వాటీ కోసం గట్టా పలకల్ని వేడినీళ్లలో మెత్తబరుస్తున్నాను. ఎక్కడో మలయా అడవుల్లో చెట్లపాలు గడ్డకట్టించి ఓడల మీద పంపుతారు. దాన్ని గుండ్రంగా చుట్టి బంతులు చెయ్యడం మా ఆయన పని. ఇల్లంతా ఆ వాసనే, రొట్టెలో కూడా.

"మీ ఇంట్లో పెళ్లి కుదిరింది పిల్లా," అంది నాన్స్ బుట్ట దించుతూ. "నీ మొగుడికీ, వాళ్లన్నకీ."

సంగతి విన్న వాటీ చేతిలో బంతిని నీళ్లలోకి జారవిడిచాడు. "నేను ఆడను," అన్నాడు.

"ఆడవా? మరి ఊరి తరఫున ఎవరాడతారు? నేనూ నా చేపలబుట్టా?"

నాన్స్ వెళ్లాక కూడా అదే మాట. "ఆడను ఎఫీ. నన్ను అడగొద్దు."

"మాట్లాడమని ఎవరన్నారయ్యా? కొట్టమన్నారు. అంతేగా," అన్నాను.

వాటీ మళ్లీ పనిలో పడ్డాడు. ఒక బంతి చుట్టడం అయ్యాక, "మాట్లాడక్కర్లేదంటే ఆడతా," అన్నాడు.

మా సంఘం చీలిన ఏడు నేను ఈ ఇంటికి కొత్త కోడల్ని. పాదిరిని ఎంచుకునే హక్కు దొరదా, సంఘానిదా అని తగువు. సంఘానిదే అన్నవాళ్లం పాత గుడి వదిలి బయటికి వచ్చేశాం. కొత్త గుడికి దొరలు మొదట్లో జాగా ఇవ్వలేదు. అందుకని ఆదివారాలు సముద్రం పక్కన మైదానంలో, గాలి తగలని చోటు చూసుకుని ఆరాధన చేసుకునేవాళ్లం. మా బావగారు పాత గుళ్లోనే ఉండిపోయారు, ఆయనకి అప్పటికే దొరల దగ్గర ఆ గోల్ఫు మైదానం చూసే ఉద్యోగం. మమ్మల్ని లేపెయ్యమని దొరలు ఆయన్నే పంపారు. ఆయన వచ్చి, ప్రార్థన అయ్యేదాకా టోపీ తీసి నిలబడి, "ఇక్కడ కూర్చోకూడదట, లేవండి," అన్నారు. మా అత్తగారు చిన్న పీట మీద కూర్చుని ఉన్నారు. ఆవిడ లేచాక ఆ పీట బావగారే ఎత్తుకెళ్లి రోడ్డు పక్కన పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయారు. అత్తగారు ఆ చలికాలం దాటలేదు. పీట రోడ్డు మీద పెట్టిన రోజు నుంచి వాటీ అన్నతో మాట్లాడలేదు. పెద్దవాణ్ణి నేనెందుకు ముందు పలకాలని బావగారు బిగుసుకున్నారు.

కోపం ఒక్కటే అయితే నేను అంత బాధపడేదాన్ని కాను. తోడబుట్టినవాడితో సమాధానపడకుండా ప్రభువు బల్ల దగ్గరికి, గుళ్లో అందరూ రొట్టె పంచుకునే చోటికి, రాకూడదని వాటీ చిన్నప్పుడు నేర్చుకున్నాడు. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు పాటించే మనిషి. ఏటా అక్టోబరులో, బల్ల ఆదివారానికి ముందు శనివారం, సంఘపెద్ద హాగ్ గారు ఇంటింటికీ వచ్చి సీసపు బిళ్లలు ఇస్తారు. బిళ్ల ఉన్నవాళ్లే బల్లకి కూర్చోవాలి. "వాటీ, నీకూ ఇవ్వనా?" అని అడుగుతారు. "ఈసారికి వద్దండీ," అంటాడు. నేను ఒక్కదాన్నీ ముందుకెళ్లి కూర్చుంటాను, వాటీ వెనక బెంచీలో ఉండిపోతాడు. మొగుడు పస్తుంటే ఇల్లాలికి ముద్ద దిగుతుందా? ఆ రొట్టె కూడా నాకు అలాగే ఉండేది. దేవుడి బల్ల గురించి ఇలా అనుకోవచ్చో కూడదో నాకు తెలీదు. అనుకోకుండా మాత్రం ఉండలేకపోయాను.

అందుకే ఆ వేసవిలో నా ప్రార్థన ఒక్కటే. గెలిపించమని కాదు. గోల్ఫు పోటీ గురించి దేవుణ్ణి అడగడానికి నాకు సిగ్గేసింది. ఆ ఇద్దరి మధ్య ఒక్క మాట దొర్లించమని అడిగాను.

జూలై సాయంత్రాలు భోజనాలయ్యాక ఇద్దరూ సాధనకి మైదానానికి వెళ్లేవారు. మధ్యలో నేను, అల్లికతో. నేను లేకపోతే వాళ్ల ఆట సాగదు.

"ఎఫీ, గాలి ఎడమ నుంచి తిరిగిందని నీ మొగుడితో చెప్పమ్మా," అనేవారు బావగారు. వాటీ ఆయనకి చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండేవాడు.

"ఎఫీ, ముఖం నాకూ ఉంది, గాలి దానికీ తగుల్తోందని మీ బావగారితో చెప్పు."

"ముఖం ఉంటే చాలదు, అందులో రెండు కళ్లు కూడా ఉండాలి. బంతిని ఇసకలోకి కొట్టి నా నెత్తిన పెట్టాడు. అది కూడా చెప్పమ్మా."

"ఇసకలోంచి తియ్యడం చేతకాదని ముందే అంటే గడ్డి మీదే పెడదును కదా. అడుగు ఎఫీ."

"నేనేం తపాలా బండినా?" అన్నాను ఒకరోజు ఒళ్లు మండి. "ఇద్దరికీ చెవులున్నాయి. విన్నారు. నేను చెప్పను, పొండి."

ఆ రోజు మిగతా ఆటంతా మూగగా ఆడారు. విచిత్రమేమిటంటే ఆ రోజే బాగా ఆడారు. దిబ్బ మీద కూర్చుని చూస్తుంటే నాకొక సంగతి తెలిసింది. బావగారు కొట్టిన బంతి ఎప్పుడూ వాటీకి వీలైన వైపే ఆగేది. వాటీ ఎడమ మోచెయ్యి చిన్నప్పుడు విరిగి సరిగ్గా అతకలేదు. నేల కుడివైపుకి వాలి ఉంటే దెబ్బ కుదరదు. పెళ్లయిన చాన్నాళ్లకి గాని నాకే ఆ సంగతి తెలీలేదు. బావగారికి ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు. బంతి వదిలేసి అటు తిరిగి నిలబడేవారు, తనకేం సంబంధం లేనట్టు.

మర్నాడు బావి దగ్గర మా తోటికోడలు గ్రిజెల్‌కి ఆ సంగతి చెప్పాను. మా ఇద్దరికీ బావి దగ్గర మాటలున్నాయి, ఇళ్ల దగ్గర లేవు.

"చెయ్యి విరిగినప్పుడు వైద్యుడి దాకా మోసుకెళ్లింది ఈయనేట," అంది గ్రిజెల్ అక్క. కడవ నింపి పక్కన పెట్టింది. "ఆ ఉద్యోగం పోతే ఇల్లు పోయేది ఎఫీ. నలుగురు పిల్లలు నాకప్పుడు. ఆ మాట మీ ఆయనతో చెప్పమని ఎన్నిసార్లన్నానో! వాడడిగితే చెప్తానంటారు."

"మా ఆయన, చెప్తే వింటానంటాడు."

"బాగుంది. ఈ లోపల మనిద్దరం ముసలివాళ్లమవుదాం," అంది గ్రిజెల్ అక్క.

పోటీకి వారం ముందు క్లబ్బు నుంచి ఒక మూట వచ్చింది. బంతులు చేసేవాళ్లు చిరుగుబట్టలతో వస్తే పై ఊరి దొరసానుల ముందు పరువు పోతుందని, ఆడేవాళ్లందరికీ గళ్ల ఉన్నికోట్లు పంపారు. అందరికీ ఒకే గుడ్డ. వాటీ వేసుకుని అద్దం ముందు నిలబడి, "ఎలా ఉన్నాను?" అన్నాడు.

"మీ అన్నలా ఉన్నావు," అన్నాను. కోటు విప్పేశాడు. మళ్లీ వేయించేసరికి నా తల ప్రాణం తోకకి వచ్చింది.

పోటీ రోజులు వచ్చాయి. ఊరికి ఊరే మైదానం మీద. పడవలు కట్టేసి బెస్తవాళ్లు, బడి మూసేసి పంతులుగారు అందరూ అక్కడే. తాడు కట్టి జనాన్ని దూరంగా నిలబెట్టారు. తీర్పు చెప్పడానికి మధ్యస్థంగా ఒక దొరని పెట్టారు. ఆడేవాళ్లతో బయటివాళ్లెవరూ మాట్లాడకూడదని ఆయన మొదటే గట్టిగా చెప్పాడు. నా తపాలా ఉద్యోగం ఊడింది.

అయినా మావాళ్లు మొదటి రెండు జంటల్నీ ఓడించారు. ఒకరి మొహం ఒకరు చూడకుండా, ఒకే గుడ్డ కోట్లలో, ఒకడు కొడితే రెండోవాడు అప్పటికే ముందుకెళ్లి బంతి పడబోయే చోట నిలబడేవాడు. పక్కపక్కన నడవక్కర్లేకుండా అది వాళ్లు కనిపెట్టిన ఉపాయం. దూరం నుంచి చూసిన దొరసానులు, "ఎంత ఐకమత్యం!" అన్నారట. నాన్స్ నవ్వలేక చచ్చింది.

చివరి రోజు ఎస్క్‌మౌత్ ఊరి జంటతో. ఇద్దరూ బండల్లాంటి మనుషులు. పొద్దున్నుంచి గాలి. ఒక గుంట వాళ్లది, ఒక గుంట మాది. ఆఖరికి ఇంకా రెండు గుంటలు మిగిలి ఉండగా సమానంగా ఉన్నారు.

గ్రిజెల్ అక్కా నేనూ జనాన్ని వదిలేసి ఎడమవైపు ఇసకదిబ్బ ఎక్కాం. వాటీ మొదటి దెబ్బ కొట్టాడు. బంతి గాలికి కొట్టుకుపోయి, దిబ్బ వెనక పల్లంలో, ముళ్లపొద కిందికి దొర్లింది. మా కాళ్ల కిందే పల్లం. జనానికీ, మధ్యస్థం దొరకీ, ఎస్క్‌మౌత్ వాళ్లకీ లోపల కనబడదు.

రెండో దెబ్బ బావగారిది. అలవాటు ప్రకారం వాటీ ముందుకెళ్లి గుంట దగ్గర, తరవాతి దెబ్బకి సిద్ధంగా, ఇటు వీపు పెట్టి నిలబడ్డాడు. బావగారు ఒక్కరే పల్లంలోకి దిగారు. పొదలోకి వంగి చూశారు. కాళ్లు కుదురుగా పెట్టుకున్నారు. కర్ర ఎత్తి ఒక్క దెబ్బ వేశారు.

ముళ్లు ఎగిరాయి. బంతి కదల్లేదు.

గ్రిజెల్ అక్క నా చెయ్యి పట్టుకుంది.

మా ఆటలో తగలని దెబ్బ కూడా దెబ్బే. అంటే ఆయన వంతు అయిపోయింది, ఇప్పుడు కొట్టాల్సింది వాటీ. ఆయన వెంటనే మళ్లీ కర్ర ఎత్తి కొట్టేస్తే బంతి గడ్డి మీదికి వస్తుంది, ఎవరికీ తెలీదు. మేమిద్దరం చూశామని కూడా ఆయనకి తెలీదు. అలా కొట్టడం ఆయన వల్ల కాదని నాకు తెలుసు. మోసం చేసే మనిషి కాదు. కానీ అలా కొట్టకపోతే తమ్ముణ్ణి పిలవాలి. పిలవడానికి అక్కడ నేను లేను. ఇంకెవరూ లేరు.

ఆయన కర్ర దించి, దాని మీద ఆనుకుని నిలబడ్డారు. టోపీ తీసి తల తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు. అవతల జనం గొణగడం మొదలుపెట్టారు. "ఇంకా కొట్టడేం?" అని ఎవరో అరిచారు.

"ప్రభువా," అంది గ్రిజెల్ అక్క. నా వేళ్లు నొప్పెట్టాయి.

"వాటీ!" అన్నారు బావగారు.

పెద్ద గొంతు కాదు. గాలి అటే ఉంది గనక సరిపోయింది. వాటీ వెనక్కి తిరిగాడు. నిలబడ్డాడు. ఎవరు పిలిచారా అన్నట్టు జనం వైపు చూశాడు. పల్లంలోంచి మళ్లీ వినబడింది.

"వాటీ! తగల్లేదురా. నువ్వు కొట్టాలి."

వాటీ నడుచుకుంటూ వచ్చాడు. పరిగెత్తలేదు, ఆగలేదు. మధ్యస్థం దొర వెనకాలే వచ్చి, "దెబ్బ లెక్కవెయ్యాలా?" అని అడిగితే, "వెయ్యండి," అన్నారు బావగారు. వాటీ పల్లంలోకి దిగి అన్న పక్కన నిలబడి పొదలోకి వంగి చూశాడు. రెండు గళ్ల కోట్లు పక్కపక్కన. వెనక నుంచి ఎవరు ఎవరో నాకే తెలీలేదు.

"ఎటు కొట్టమంటావు?" అన్నాడు వాటీ.

"పక్కకి. గుంట వైపు చూడకు. ఊరికే బయటికి లాగెయ్. చెయ్యి జాగ్రత్త, ముళ్లున్నాయి. మిగతాది నేను చూసుకుంటా."

వాటీ బయటికి లాగాడు. బావగారు మిగతాది చూసుకున్నారు గానీ, గాలిలోకి పోయిన ఆ ఒక్క దెబ్బ తిరిగి రాలేదు. ఆ గుంట ఎస్క్‌మౌత్ వాళ్లది. ఆఖరి గుంట సమానం. పోటీ ఓడిపోయాం.

గ్రిజెల్ అక్క నా చెయ్యి వదిలి శాలువా కొసతో ముక్కు తుడుచుకుంది. "మొండి ఘటాలు," అంది.

ఊరు ఊరుకుంటుందా? సాయంత్రం రేవు దగ్గర నాన్స్ వాటీని నలుగురిలో పట్టుకుంది. "పధ్నాలుగేళ్లు మూసుకున్న నోరు, ఇంకో గంట మూసుకుంటే ఏం పోయిందిరా మీ అన్నకి? గెలిచేవాళ్లం కదా!" అందరూ నవ్వారు. వాటీ కూడా నవ్వబోయి, ఆగి, "మా అన్న అలాంటివాడు కాదు," అన్నాడు. "మా అన్న" అన్న మాట ఆ నోట రాగా నేను వినడం అదే మొదలు.

అంతటితో అంతా చక్కబడిందనుకున్నాను. కాలేదు. సెప్టెంబరు వెళ్లిపోయింది. వీధిలో ఎదురైతే తలలు ఊపుకునేవారు, అంతే. బళ్ల మీద ఆటవాళ్లందరూ వెళ్లిపోయాక మైదానం ఖాళీ అయినట్టే, మాటలు కూడా ఖాళీ అయినట్టున్నాయి. బల్ల ఆదివారం దగ్గర పడుతోంది. వాటీ రాత్రి భోజనాల ముందు ప్రార్థన చేస్తూ మధ్యలో ఆగిపోయేవాడు.

"ఎఫీ," అన్నాడు ఒకరోజు, "ఆటలో మాట్లాడిన మాటలు లెక్కకొస్తాయా?"

"ఏ లెక్కకి?"

"ఆయన నన్ను పిలిచాడు. నిజమే. కానీ ఆట కోసం పిలిచాడు. నేనూ ఆట కోసమే పలికాను. దాన్ని సమాధానపడ్డం అంటే దేవుడు ఒప్పుకుంటాడా?"

నాకు చదువు తక్కువ. దేవుడి వాక్యం చదువుకోవడానికి సరిపడా నేర్చుకున్నాను. పాదిరిగారైతే ఏం చెప్పేవారో. "చెయ్యి జాగ్రత్త అన్నది కూడా ఆట కోసమేనా?" అన్నాను.



శనివారం పొద్దున్నే హాగ్ గారు బిళ్లల సంచీతో వచ్చారు. వాటీ ఇంట్లో లేడు, ఎటు వెళ్లాడో చెప్పలేదు. హాగ్ గారు అలవాటుగా ఒక్క బిళ్ల తీసి బల్ల మీద పెట్టి లేవబోయారు.

"కాస్త కూర్చోండి. రొట్టె వేడిగా ఉంది, తిని వెళ్లండి," అన్నాను. ఎందుకు ఆపానో నాకే తెలీదు. ఆయన ఒక రొట్టె తిన్నారు. రెండోది వెన్న రాసి పెట్టాను, అదీ తిన్నారు. "ఇంక తినలేనమ్మా, ఇంకా సగం ఊరు ఉంది," అన్నారు పాపం.

అప్పుడు వచ్చాడు వాటీ. మోచేతుల దాకా మట్టి.

"మైదానంలో గడ్డి తెగిపోయిన చోట్ల కొత్తది వేస్తున్నాడు అన్న. ఒక్కడే గడ్డి పెల్లలు కోస్తున్నాడు, ఒక్కడే మోస్తున్నాడు. నేను పరిచాను," అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

"మాట్లాడుకున్నారా?"

"అమ్మ పీట సంగతి అడిగాను."

హాగ్ గారు సంచీ మూతి కట్టబోయినవారు ఆగారు. ఊళ్లో ఆ పీట సంగతి తెలియనివాళ్లు లేరు.

"ఏమన్నారు?"

వాటీ చేతుల మట్టి వైపు చూసుకున్నాడు. "ఎత్తితే బరువుగా ఉందిరా అన్నాడు. అంతే. అంత చిన్న పీట! తరవాత ఇద్దరం పని చేసుకున్నాం." హాగ్ గారి వైపు తిరిగాడు. "అయ్యా, చేతులు కడుక్కుని వస్తాను. నాకూ ఒకటి ఇస్తారా?"

మర్నాడు రెండు గుళ్ల గంటలూ ఒకేసారి మోగాయి. ఆ వీధి చివర పాత గుళ్లో బావగారూ గ్రిజెల్ అక్కా, ఈ చివర మేమూ. అదే రొట్టె, అదే ప్రార్థన, మధ్యలో ఒక వీధి. ఎందుకు ఇలాగని నేను ఇప్పటికీ దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను. కోపంతో కాదు. బదులు వచ్చినప్పుడు వస్తుంది.

తెల్లగుడ్డ పరిచిన పొడుగాటి బల్లకి వాటీ, వాటీ పక్కన నేను కూర్చున్నాం. మా దగ్గర పాదిరిగారు రొట్టె విరిచి మొదటివాళ్లకి మాత్రమే ఇస్తారు. అక్కణ్నించి ఒకరు తుంచుకుని పక్కవాళ్లకి అందించాలి. అన్నేళ్లూ నాకు ఎవరో ఒకరు అందించేవారు, ఒకసారి పడవ సారంగు భార్య, ఒకసారి పేరు తెలియని ముసలాయన. రొట్టె వరసలో మెల్లగా వచ్చింది. వాటీ అందుకుని చిన్నముక్క తుంచుకున్నాడు. తరవాత ఏం చెయ్యాలో మరిచిపోయినవాడిలా రొట్టెని రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. వెనక వరసలో ఎవరో దగ్గారు. నేను చెయ్యి చాచలేదు. తొందరపెట్టకూడదనిపించింది.

కాసేపటికి నా వైపు తిరిగి అందించాడు.